తాడు పట్టుకున్నవాళ్ళతో మాట్లాడకూడదు

ఆ వేసవిలో తాడు ఆలస్యంగా బదులివ్వడం మొదలుపెట్టింది.

మొదటిసారి పట్టించుకోలేదు. నేను ఒకసారి లాగాను. నీటి అడుగున బావ నడుముకి కట్టి ఉన్న రెండో కొస నుంచి వెంటనే ఒక లాగుడు రావాలి. రాలేదు. ఇంకోసారి లాగుదామని చెయ్యి బిగించేలోగా వచ్చింది, ఏమీ జరగనట్టు, మామూలుగా. కలుపులో చెయ్యి చిక్కుకుని ఉంటుందిలే అనుకున్నాను.

బావ అంటే మా ఆయనే. మా నాన్నకి మేనల్లుడు. నాన్న దగ్గరే పని నేర్చుకున్నాడు, తర్వాత నన్ను చేసుకున్నాడు. నీళ్ళలో మునిగి చేసే పనులన్నీ మావే. పడవల అడుగు గీకడం, వంతెన కాళ్ళు తడిమి చూడడం, మునిగిపోయిన మోటార్లకి కొక్కెం తగిలించడం. ఆ వేసవిలో ఊరికి నీళ్ళిచ్చే రిజర్వాయరు దగ్గర పని దొరికింది. గట్టు మీద పంప్‌హౌస్. దాని కింద, నీటి అడుగున, గోడకి మూడు నోళ్ళు, ఒక్కో పంపు నీళ్ళు పీల్చేది ఒక్కోదాన్నుంచి. ఒక్కో నోటికీ ఇనప ఊచల తలుపు. నీళ్ళు తగ్గిపోయి, ఊచల నిండా కలుపు పట్టేసి, పంపులకి నీరు అందడం లేదు. బావ దిగి ఆ కలుపుని కొడవలితో కోసి, మిగిలింది చేత్తో పీకి వదిలేయాలి. లోపల నీళ్ళు బురద రంగు. తన చెయ్యి తనకే కనపడదు. అంతా తడుముకుంటూ చేసే పని.

ముఖమంతా కప్పే మాస్కు, మాస్కుకి గాలిగొట్టం, గొట్టానికి గట్టు మీద కంప్రెసరు. కంప్రెసరు దగ్గర మా అన్నయ్య. ఆ మోత పక్కనే బతికి బతికి అన్నయ్యకి సగం చెవుడు. తాడు నా చేతిలో.

తాడు భాష చిన్నది. ఒకటి లాగితే బాగున్నావా అని. బదులు ఒకటి వస్తే బాగున్నానని. రెండంటే తాడు వదులు చెయ్యమని. మూడంటే పైకొస్తున్నానని. నాలుగంటే ఇంకేమీ అడక్కుండా లాగేయమని. మా పెళ్ళయ్యాక నాలుగు ఎప్పుడూ రాలేదు.

ఈ భాషతోపాటు నాన్న పెట్టిన నియమం ఒకటుంది. తాడు పట్టుకున్నవాళ్ళతో మాట్లాడకూడదు. గట్టు మీద పిడుగు పడ్డా సరే, తాడు పట్టుకున్న మనిషి చెవిలో ఒక్క మాట పడకూడదు. మాట వింటే చెయ్యి వినదనేవాడు నాన్న.

ఆ భాషా, ఆ నియమమూ మెల్లగా మా ఇంట్లోకి వచ్చేశాయి. ఎప్పుడొచ్చాయో తెలీదు. భోజనానికి కూర్చుని "ఏమైంది బావా, అలా ఉన్నావు" అంటే, బావ వేలితో బల్ల మీద ఒక్కసారి కొట్టేవాడు. బాగున్నానని. నేనేదైనా పనిలో ఉండగా పాప వచ్చి మాటలు మొదలుపెడితే, "తాడు పట్టుకున్నానే, తర్వాత చెప్పు" అనేదాన్ని. చేతిలో ఉన్నది గరిటైనా, చీపురైనా, అదే మాట. పక్కింటి మొగుడూ పెళ్ళాలు రోజూ గంటలకొద్దీ మాట్లాడుకుని చివరికి గిన్నెలు విసురుకునేవాళ్ళు. మాకా గొడవే లేదని నేను గొప్పగా చెప్పుకునేదాన్ని.

పాపని ఇంట్లో వాగుడుకాయ అనేవాళ్ళం. పొట్టిగా కాయ. మూడో తరగతి అయిపోయి సెలవులిచ్చారు. నిద్రలో కూడా ఎవరితోనో వాదించే పిల్ల. ఆ వేసవిలో అది నోరు మూసుకుంది.

* * *

ఒక సాయంత్రం బట్టలు తీసుకుని లోపలికొచ్చేసరికి వంటింట్లో ఇద్దరూ నిలబడి ఉన్నారు. కదలడం లేదు. బావ చేతిలో గ్లాసు ఒక పక్కకి ఒరిగిపోయి ఉంది. నీళ్ళు ధారగా కారి అతని కాలి మీద పడుతున్నాయి. ఎదురుగా కాయ, గోడకి అంటించినట్టు. దాని కళ్ళు తండ్రి కళ్ళ మీద. పెదాలు మాత్రం కదులుతున్నాయి, లోపల్లోపల అంకెలు లెక్కపెడుతున్నట్టు.

"ఏంటిది?" అన్నాను.

కాయ ఉలిక్కిపడింది. బావ కదల్లేదు. తర్వాత రెప్ప వేశాడు. గ్లాసు వైపు చూశాడు, కింద మడుగు వైపు చూశాడు, నన్ను చూసి నవ్వాడు.

"బొమ్మలాట. ముందు కదిలినవాళ్ళు ఓడినట్టు."

"ఎవరు ఓడారు?"

"నేనే," అంది కాయ. పరుగెత్తుకెళ్ళి గుడ్డ తెచ్చి, తండ్రి పాదాలు తుడిచి, తర్వాత నేల తుడిచింది.

నేను నవ్వాను. నీళ్ళ కరువులో వేరే ఆట దొరకలేదా అని ఇద్దర్నీ ఒక మాట అన్నాను కూడా.

ఆ తర్వాత పిల్ల తండ్రిని వదల్లేదు. స్నానానికి వెళ్తే తలుపు బయట కూర్చునేది. లోపల చెంబు చప్పుడు ఆగితే లేచి నిలబడేది. మళ్ళీ వినపడితే కూర్చునేది. మేడ మీద ట్యాంకు చూడ్డానికి వెళ్తే మెట్ల కింద చేతులు చాచి నిలబడేది, ఏదో పై నుంచి పడితే పట్టుకునేదానిలా. గోళ్ళు కొరికి కొరికి వేళ్ళ చివర ఎర్రగా చేసుకుంది.

నాకు అనుమానం మొదలైంది. అనుమానానికి కాళ్ళుంటే ఎక్కడికైనా పోతుంది. వీధిలో ఎవరైనా దాన్ని బెదిరించారా? బావ ఏదైనా దాస్తున్నాడా? తండ్రీ కూతుళ్ళ మధ్య నాకు తెలియనిది ఏముంది?

పట్టుకుని అడిగాను. "ఏమైందే నీకు? ఎవరైనా ఏమైనా అన్నారా? నాన్న తిట్టాడా? చెప్పు తొందరగా, పొయ్యి మీద మాడుతోంది."

కాయ నా మొహం చూసింది. పొయ్యి వైపు చూసింది. చీర మీద వేసుకున్న నా చొక్కా చెయ్యి పట్టుకుని ఒక్కసారి లాగి వెళ్ళిపోయింది.

బాగున్నానట.

* * *

మొదటి నోరు శుభ్రమయ్యేసరికి ఎండలు ముదిరాయి. రెండోది మొదలుపెట్టే ముందు పంప్‌హౌస్ సూపర్‌వైజర్ గొడుగేసుకుని వచ్చాడు. మర్యాదస్తుడు. చెడ్డ కబురు చెప్పేముందు మంచినీళ్ళు అడిగి తాగే రకం.

"కుళాయిలు గాలి కక్కుతున్నాయి. మూడు పంపులూ ఆపి మీవాడిని దించితే ఊరు నా మీద పడుతుంది. శుభ్రం చేసినదాని పంపు ఒకటి నడుపుకుంటానమ్మా."

"మనిషి లోపల ఉండగానా?"

"మీవాడుండేది రెండోదాని దగ్గర కదా. నడిచేది పక్కది."

"పక్కదంటే ఎంత పక్క? మంచం పొడవు. శుభ్రం చేశాక అదిప్పుడు ఎలా పీలుస్తుందో మీకు తెలుసా?"

అతను బావ వైపు తిరిగాడు. బావ కొడవలికి పదును పెడుతున్నాడు. తలెత్తకుండా, "కుడి పక్కకి ఆనుకుని చేసుకుంటాలెండి," అన్నాడు.

"బావా."

బావ ఒక వేలితో కొడవలి పిడి మీద ఒక్కసారి కొట్టాడు.

 అప్పటికి తాడు ఆలస్యం చేయడం చాలాసార్లు అయింది. మధ్యలో బాగానే ఉండేది. ఉన్నట్టుండి, ఒక లాగుడికి బదులు రాదు. నా గుండె రెండుసార్లు కొట్టుకుంటుంది, మూడుసార్లు కొట్టుకుంటుంది, అప్పుడొస్తుంది. పైకొచ్చాక అడిగితే "వెంటనే లాగానే" అంటాడు. నన్ను చూసే కళ్ళలో అబద్ధం ఉండదు. అదే నన్ను ఎక్కువ భయపెట్టింది. అబద్ధమైతే పట్టుకునేదాన్ని.

అన్నయ్యని అడిగాను. "బావ దగ్గర ఏమైనా తేడా కనపడిందా?"

"ఆ, మేడా? కట్టుకుంటున్నాడా?" అన్నాడు అన్నయ్య.

కాయ రోజూ మాతోపాటు గట్టుకి రావడం మొదలుపెట్టింది. ఎండ వద్దన్నా వినలేదు. తండ్రి మాస్కు తగిలించుకుంటుంటే ఒకరోజు పక్కన కూర్చుని అడిగింది.

"నాన్నా, భయమేస్తోందని చెప్పాలంటే ఎన్నిసార్లు లాగాలి?"

"దానికి లాగుడు లేదే."

"ఎందుకు లేదు?"

"భయమేస్తే పైకొచ్చేయడమే కదా. మూడు లాగి వచ్చేస్తాం."

"పైకి రావడం కుదరకపోతే? పనుండిపోతే? ఐదని పెట్టుకుందాం."

బావ నవ్వాడు. "ఐదుసార్లు లాగే తీరికుంటే వాడికి భయమేం లేనట్టే కాయా."

కాయ నవ్వలేదు. తండ్రి మెట్లు దిగి నీళ్ళలోకి జారాక వచ్చి నా పక్కన, నీడలో కాకుండా ఎండలో, తాడుని చూస్తూ కూర్చుంది. కదల్లేదు. ఉలకలేదు, పలకలేదు. నియమం తెలిసిన పిల్లని మురిసిపోయాను.

* * *

ఆ రోజు గాలి లేదు. నీళ్ళు పళ్ళెంలో పోసినట్టున్నాయి. బావ గాలి బుడగలు రెండో నోటికి కుడి పక్కన పైకి తేలుతున్నాయి. ఎడమ పక్కన, మొదటి నోటి మీద, నీటి పైభాగం కొద్దిగా గుంటపడి తిరుగుతోంది. పంపు నడుస్తోంది. గట్టు రాళ్ళ ద్వారా ఆ అదురు నా మడమలకి తెలుస్తోంది.

ఒకటి లాగాను. ఒకటి వచ్చింది.

తాడు అరచేతిలో ఎప్పుడూ కాస్త కదులుతూ ఉంటుంది. లోపల మనిషి కోస్తున్నాడా, పీకుతున్నాడా, ఊరికే ఆగి ఊపిరి తీసుకుంటున్నాడా, అంతా చేతికి తెలుస్తుంది. ఒకసారి బావ లోపల తుమ్మితే కూడా తెలిసింది నాకు. ఇప్పుడు కోస్తున్నాడు. చిన్న చిన్న కుదుపులు.

కుదుపులు ఆగాయి.

ఆగితే ఆగుతాయి. చెయ్యి మార్చుకుంటాడు. నేను ఒకటి లాగాను.

రాలేదు.

నా చొక్కా చెయ్యి కదిలింది. కాయ పట్టుకుంది. నేను చూపు తిప్పలేదు. తాడు నుంచి చూపు తిప్పకూడదు. కాయ ఒకసారి లాగింది. బాగుందట, మంచిది, అనుకున్నాను. రెండోసారి లాగింది. మూడోసారి లాగింది.

నాలుగోసారి లాగింది.

మా ఇంట్లో ఎవరూ ఎవరి చేతినీ నాలుగుసార్లు లాగలేదు.

తల తిప్పాను. పిల్ల మొహంలో రక్తం లేదు. పెదాలు గట్టిగా బిగించి ఉన్నాయి, లోపల ఏదో బయటికి రాకుండా పళ్ళతో పట్టుకున్నట్టు. తాడు నా చేతిలో ఉంది. నాన్న మాట నా చెవిలో ఉంది.

"చెప్పు," అన్నాను.

"నాన్న ఆగిపోతాడమ్మా," అంది కాయ. "అది ఆట కాదు."

నేను నాలుగు లాగాను, పైకి లాగేస్తున్నానని. బదులు రాలేదు. బుడగలు ఉన్నాయి, కానీ కుడి పక్కన లేవు. తాడు నీళ్ళలోకి దిగే చోటు ఎడమకి జరుగుతోంది, నిదానంగా, ఎవరో చెయ్యి పట్టుకుని నడిపిస్తున్నట్టు.

"కాయా, పంపు ఆపమను. పరిగెత్తు."

పరుగెత్తింది. దాని గొంతు ఇప్పటికీ నా చెవుల్లో ఉంది. అన్నాళ్ళూ దాచుకున్నదంతా ఒకేసారి వాడింది. కంప్రెసరు మోతని దాటుకుని, సగం చెవుడున్న అన్నయ్యకి కూడా వినపడింది. అన్నయ్య వచ్చి నా వెనక తాడు పట్టుకున్నాడు. ఇద్దరం లాగాం. తాడు రాలేదు. రాతిని లాగినట్టుంది. కాళ్ళ కింద అదురు మాత్రం అలాగే ఉంది.

అప్పుడు అదురు ఆగింది.

తాడు ఒక్కసారిగా వదులై ఇద్దరం వెల్లకిలా పడ్డాం. పడుకునే లాగాం. బావ తల నీళ్ళ మీదకి వచ్చింది. మెట్ల మీదకి ఈడ్చాక మాస్కు నేనే పీకాను. కళ్ళు తెరిచే ఉన్నాయి. ఊపిరి ఆడుతోంది. కాసేపు నన్ను ఎవరో అన్నట్టు చూశాడు. తర్వాత చూపులో మనిషి తిరిగొచ్చాడు.

"ఎందుకు లాగారు?" అన్నాడు. "నేను పిలవలేదే."

కొడవలి లేదు. ఎడమ కాలి బూటు లేదు. కాలి పిక్క మీద ఊచల అచ్చులు, నిలువుగా, ఎర్రగా, వరసగా ఉన్నాయి. బావ వాటిని చూసుకున్నాడు. అది ఎవరి కాలో అన్నట్టు వేలితో తడిమాడు.

సూపర్‌వైజర్ గొడుగు లేకుండా వచ్చి మెట్ల పైన నిలబడ్డాడు.  ఆ రోజు మంచినీళ్ళు కూడా అడగలేదు.

* * *

ఆసుపత్రిలో డాక్టరమ్మ అడిగిన ప్రశ్నలకి బావ దగ్గర జవాబుల్లేవు. కాయ దగ్గర ఉన్నాయి. కళ్ళు ఎటు చూస్తాయి, పెదవి ఏ పక్క అదురుతుంది, ఆగేముందు ఏం చేస్తాడు, కదిలాక ఎంతసేపటికి పేరు గుర్తుపడతాడు, అన్నీ చెప్పింది. చిన్నరకం మూర్ఛ అంది డాక్టరమ్మ. మాత్రలు రాసింది. తగ్గుతుంది, కానీ నీళ్ళు, నిచ్చెన, బండి, మూడూ మానేయాలంది.

ఇంటికొచ్చాం. కిటికీలోంచి ఎండ ఇంకా లోపలికి పడుతోంది. బల్ల చుట్టూ కూర్చున్నాం. నాకు కాళ్ళు ఇంకా అదురుతున్నట్టే ఉంది, పంపు ఈ గదిలో నడుస్తున్నట్టు.

"ఎప్పట్నించి బావా?"

బావ వేలు పైకి లేచింది. బల్ల మీద పడేలోగా కాయ ఆ వేలిని రెండు చేతులతో పట్టేసుకుంది.

"మాటల్తో చెప్పు నాన్నా."

బావ వేలు వదిలించుకోలేదు.  పైకి చెప్పే అలవాటు లేనివాడు కదా, ఎక్కడ మొదలుపెట్టాలో వెతుక్కున్నాడు.

"మొదటిసారి ఇది చూసింది. నాకసలు తెలీదు. చేతిలో దువ్వెన కింద పడుంది, ఇది ఏడుస్తోంది. భయపడుతోందని బొమ్మలాట అన్నాను. అమ్మకి చెప్తే ఓడిపోయినట్టే అన్నాను."

"దానికి చెప్పావు సరే. నాకెందుకు చెప్పలేదు?"

"చెప్తే దిగనిస్తావా?"

"దిగనివ్వను."

"దిగకపోతే నేనేం చెయ్యాలి? గట్టు మీద కూర్చోవాలా?"

"ఇన్నేళ్ళుగా గట్టు మీద నేను కూర్చున్నది గాలికనుకున్నావా?"

 నేను ఇంకా అనేదాన్ని. నోటి దాకా చాలా వచ్చాయి. ఊచల అచ్చులు కనపడి మింగేశాను.

"నీకు భయమేయలేదా?" అని అడిగాను. 

"రోజూ," అన్నాడు బావ. "మాస్కు పెట్టుకునేటప్పుడు రోజూ వేసేది. ఆ మాట అంటే నువ్వు భయపడతావని..."

"నేను రోజూ భయపడుతూనే ఉన్నాను బావా. నీ తాడు ఆలస్యంగా వస్తోంది. అడిగితే నువ్వు బల్ల కొడతావు."

కాయ ఇద్దర్నీ మార్చి మార్చి చూస్తోంది. నేను దాని వైపు తిరిగాను. పొయ్యి వెలిగించలేదు. చేతుల్లో ఏమీ లేదు. చేతులు దానికి కనపడేలా బల్ల మీద పెట్టాను.

"నువ్వు చెప్పు. ఎంతసేపైనా వింటాను."

కాయ గోరు కొరకబోయి ఆగింది.

"నువ్వు తాడు పట్టుకున్నావు కదమ్మా. మాట్లాడితే నాన్న చచ్చిపోతాడనుకున్నా. మాట్లాడకపోయినా చచ్చిపోతాడనుకున్నా. ఇంట్లో చెప్దామంటే ఇంట్లో కూడా తాడు పట్టుకునే ఉంటావు."

చేతులు బల్ల మీదే ఉంచాను.  అది ఇంకా చెప్పింది. చాలా చెప్పింది. చీకటి పడేదాకా చెప్పింది. తండ్రి మధ్యలో ఒకసారి "ఇంక చాలు కాయా" అన్నాడు.

"నా వంతు అవ్వలేదు," అంది.

* * *

రెండో నోరు సగంలో ఉంది. మూడోది అసలు ముట్టుకోలేదు. ఎండలు తగ్గలేదు. సూపర్‌వైజర్ ఈసారి మా ఇంటికొచ్చి గుమ్మం బయటే నిలబడ్డాడు. వేరే మనిషి దొరకలేదట. దొరికేదాకా ఊరికి నీళ్ళు రోజు విడిచి రోజు.

"నేను దిగుతాను," అన్నాను. పెళ్ళికి ముందు నాన్న దగ్గర నేనూ దిగేదాన్ని. "కానీ మూడు పంపులూ ఆపాలి. ఆపి, పంప్‌హౌస్‌కి తాళం వేసి, ఆ తాళంచెవి మా పిల్ల చేతికివ్వాలి."

"పిల్ల చేతికా?"

"దానికి ఇవ్వకపోతే మీరు వేరే మనిషిని చూసుకోండి."

అతను ఒప్పుకున్నాడు. బావ ఒప్పుకోలేదు. రెండు రోజులు పోట్లాడుకున్నాం. బల్ల మీద కొట్టుకోవడం కాదు, నోళ్ళతో, గట్టిగా, వీధికి వినపడేలా. పక్కింటావిడ గోడ మీంచి తొంగిచూసి, "ఏంటమ్మా, మీరు కూడా మొదలెట్టారా," అంది సంతోషంగా. చివరికి బావ తాడు తెచ్చి పెరట్లో పరిచి, అంగుళం అంగుళం చూసుకుంటూ కూర్చున్నాడు. అదే ఒప్పుకోవడం.

"నోటితో చెప్పు," అన్నాను.

"ఒప్పుకుంటున్నాను," అన్నాడు. "ఇష్టం లేకుండా."

తాడు బావ చేతికి. బావ వెనక, అదే తాడు మీద చెయ్యి వేసి, అన్నయ్య. బావ ఆగిపోయినా తాడు ఆగకూడదు. సూపర్‌వైజర్ మనిషికి కంప్రెసరు. బావ పక్కన కాయ, మెడలో పంప్‌హౌస్ తాళంచెవి. తండ్రి కళ్ళని చూడ్డం దాని పని. ఆగితే వెంటనే అందరికీ వినపడేలా చెప్పాలి. తాడు పట్టుకున్నవాళ్ళతో మాట్లాడకూడదన్న మాట ఆ రోజు ఎవరూ ఎత్తలేదు. నేను మాస్కు తగిలించుకుంటుంటే అది వాళ్ళ నాన్నతో ఏదో కుక్కపిల్ల కథ మొదలుపెట్టేసింది. అన్నయ్య ఆ కథలో ప్రతి మాటకీ "ఏంటి?" అంటున్నాడు.

మెట్లు దిగాను. నీళ్ళు మోకాళ్ళకి, నడుముకి, మెడకి వచ్చాయి. తల మునిగింది. వాళ్ళ గొంతులు తెగిపోయాయి.

నేను ఎప్పుడో దిగిన నీళ్ళు వేరు. ఇది నల్లగా ఉంది. చెయ్యి మొహం ముందు ఆడించుకుంటే ఏమీ లేదు. గోడ వెతికాను. దొరికింది, జిగటగా. గోడ పట్టుకుని దిగుతుంటే చెవుల్లో నా ఊపిరి, ఇంకొకరి ఊపిరిలా, గరగరమంటోంది. చేతికి ఊచ తగిలింది. తర్వాత ఇంకోటి. కలుపు నా వేళ్ళ మధ్యకి, మణికట్టు చుట్టూ వచ్చేసింది, మెత్తగా. బావ కాలు పక్క నోటి దగ్గరే ఇరుక్కుంది. ఊచల వెనక చీకటి నోరు తెరుచుకుని ఉంది. పంపు ఆగి ఉందని తెలుసు. తాళం వేసుందని తెలుసు. తాళంచెవి ఎవరి మెడలో ఉందో తెలుసు. అయినా నా కాళ్ళు అదురు కోసం వెతుకుతున్నాయి. పైన బావ కళ్ళు ఈ క్షణం ఎలా ఉన్నాయో అని ఆలోచన వచ్చింది. ఒక్కసారి వచ్చాక అది పోలేదు.

పై నుంచి ఒక లాగుడు వచ్చింది. బాగున్నావా అని.

అలవాటుగా నా చెయ్యి తాడు మీదకి వెళ్ళింది, ఒకటి లాగడానికి. ఆగింది.

ఐదు లాగాను.

పై నుంచి ఏమీ రాలేదు. నా ఊపిరి గరగర. బావ లెక్క తప్పాడేమో. ఆగిపోయాడేమో. కంగారుపడి లాగేస్తారేమో, ఇంకా ఒక్క ఆకు కూడా కొయ్యలేదు. కలుపు మణికట్టు మీద బిగుస్తున్నట్టుంది.

అప్పుడు తాడు కదిలింది. ఒకటి. రెండు. మూడు. నాలుగు. కాస్త ఆగి, ఐదు.

ఆ చివరిది వేరే చేత్తో లాగినట్టుంది. తేలిగ్గా, చిన్నగా.

కొడవలి తీసి కొయ్యడం మొదలుపెట్టాను.